మా హాల్లో కడుపుతో ఎవరూ లేరట

తామూని మీరే చంపారు. చేపల డబ్బాల ఫ్యాక్టరీ దొరా, మేస్త్రీ బుషైబ్, ఆరోగ్య కేంద్రం డాక్టరు గారూ, ముగ్గురూ కలిసే చంపారు. చట్టం ఎక్కడా తప్పకుండా, గొంతు పెంచకుండా, ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకుని చంపారు. నాలుగోదాన్ని నేను. నా సంగతీ రాస్తాను, దాచుకోను. తామూ ఎలాగూ పోయింది. అదే కాగితం మీద వేలిముద్ర వేసిన కడుపులు ఇంకా ఆరున్నాయి, ఈ రాత వాళ్ళ కోసం.

తామూకి ఇరవై నాలుగేళ్ళు. చేపల బల్ల దగ్గర నా ఎడమ పక్కన నిలబడేది. నేనొక సార్డీన్ తల కొట్టేలోపు అది రెండు కొట్టేది, మధ్యలో నన్నొక మాట అని నవ్వేది కూడా. మొగుడు మీలూద్ దక్షిణాన పెద్ద పడవల మీద పని, మూడు నెలలకోసారి వస్తాడు. ఇంట్లో అత్త హ్నియా. పెళ్ళైన ఐదేళ్ళకి నిలిచిన కడుపు అది.

మా సఫీ రేవులో పడవలు ఒడ్డుకొస్తే సందు మొదట్లో ఫ్యాక్టరీ వ్యాను హారన్ కొడుతుంది. ఫ్యాక్టరీ ఇచ్చిన నీలం కార్డున్నవాళ్ళం పరిగెడతాం. ఎవరి పేరు పిలవాలో బుషైబ్ ముందే రాసుకునుంటాడు. మా దగ్గర ఎవర్నీ పనిలోంచి తీసెయ్యరు. కడుపుతో ఉన్నదాన్ని తీసేస్తే కేసు అవుతుందని వాళ్ళకి తెలుసు. అందుకే తీసెయ్యరు, పిలవరు, అంతే. కార్డు నీ దగ్గరే ఉంటుంది, హారన్ నీ సందులోనే మోగుతుంది, నీ పేరు మాత్రం రాదు. కాన్పయ్యాక వెళ్ళి అడిగితే "చూద్దాంలే అమ్మా, ఈసారి చేప తక్కువ" అంటాడు. ఆ చేప ఏళ్ళ తరబడి తక్కువగానే ఉంటుంది.

కాబట్టి దాస్తాం. నడుముకి కట్టుకునే ఉన్ని పట్టీని ఇంకో రెండు చుట్లు బిగించి, దాని మీద ఒకటికి రెండు రబ్బరు ఏప్రాన్లు వేసుకుంటాం. ఎనిమిదో నెల దాకా నెట్టుకొచ్చినవాళ్ళున్నారు. నేను నా ఇద్దరికీ అలాగే నెట్టాను. తామూకి పట్టీ ఎలా బిగించాలో నేర్పింది కూడా నేనే.

నవంబరులో ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు నజాత్ ఫ్లూ సూదుల పెట్టె పట్టుకుని ఫ్యాక్టరీకి వచ్చింది. బట్టలు మార్చుకునే గదిలో బల్ల వేశారు. బల్లకి ఇటు నజాత్, అటు బుషైబ్. అతనెందుకని అడిగే నోరు ఒక్కదానికీ లేదు. కార్మికుల జాబితా ఫ్యాక్టరీది కదా, పేర్లు చదవడానికట. ఒక్కో పేరుకి ఎదురుగా గళ్ళు: వయసు, షుగరు, ఆయాసం, గర్భం. అవును, కాదు. చివర సంతకం, రాని వాళ్ళకి వేలిముద్ర.

నజాత్ మంచిదే. గొంతు పెంచి అందరికీ వినబడేలా చెప్పింది. "అమ్మా, రెండొందల పదిమంది ఉన్నారు, నా దగ్గర అరవై సూదులే ఉన్నాయి. అందులో పదిహేను గర్భిణులకని విడిగా తీసిపెట్టాం. ముందు వాళ్ళే. మామూలు మనిషికి ఈ జ్వరం నాలుగు రోజులు పడుకోబెట్టి పోతుంది. కడుపుతో ఉన్నదానికి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. బిడ్డ నెలలు నిండకుండా పడిపోతుంది. అదే తల్లికి సూది వేస్తే పుట్టిన బిడ్డకి కూడా మొదటి నెలల్లో కాపు. ఎవరున్నారో చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు.

రెండేళ్ళ కిందట ఇదే గదిలో రక్తం తక్కువైందేమో చూస్తామని ఫ్యాక్టరీ వాళ్ళే ఎవరినో తెచ్చి సీసాల్లో మూత్రం పట్టించుకున్నారు. వారం తిరక్కుండా కడుపుతో ఉన్న పదకొండు మందికి పిలుపు ఆగిపోయింది. ఆ పదకొండు మందిలో ఒకర్తి ఇప్పుడు బస్టాండులో ఉడికించిన శనగలు అమ్ముతోంది. ఆ సీసాలు మేం మర్చిపోలేదు. నజాత్‌కి ఆ సంగతి తెలీదు, కొత్తగా వచ్చింది. బుషైబ్‌కి తెలుసు. తెలిసే అక్కడ కూర్చున్నాడు.

"మా హాల్లో కడుపుతో ఎవరూ లేరు నర్సమ్మా" అన్నాడు బుషైబ్ కుర్చీలో వెనక్కి వాలి. "ఇక్కడ కడుపు నిండా గుడ్లతో వచ్చేవి చేపలొక్కటే."

అందరం నవ్వాం. తామూ అందరికంటే గట్టిగా నవ్వింది. ఐదో నెల దానికి.

పేర్లు చదువుతున్నాడు. తామూ వంతు వచ్చింది. నజాత్ దాని మొహం కేసి చూసి గొంతు తగ్గించి, "నిజం చెప్పు చెల్లీ, లేదా?" అంది.

బుషైబ్ పెన్ను ఆపి తలెత్తాడు.

"పడవ మీదున్న మొగుడితో కడుపెలా వస్తుంది నర్సమ్మా, ఉత్తరంలో పంపుతాడా?" అంది తామూ. మళ్ళీ నవ్వులు. 'కాదు' గడిలో వేలిముద్ర వేసి, వేలికంటిన సిరా నా ఏప్రానుకి తుడిచి వెళ్ళిపోయింది.

తర్వాత పేరు నాది, మహ్జూబా. నాకు షుగరుంది, గడిలో అవునని పెట్టారు. సూది నా చేతికి పడింది. నలభై ఏడేళ్ళదాన్ని, ఇక కనేదాన్ని కాదు, నాకు సూది. పక్కన ఐదో నెల పిల్ల ఒట్టి చేతుల్తో నడిచిపోయింది. పట్టుకుని ఆపలేదు నేను. ఎప్పుడు చూసినా దొరని తిట్టే నోరే ఇది, ఆ పూట పెగల్లేదు. భయమా అంటే భయమే. దాని పేరు బయటపెడితే దాని పని పోతుంది, పోతే నన్నే అంటారని భయం. ఆ రోజు నజాత్ పెట్టెలో పదిహేను సూదులు అలాగే తిరిగి వెళ్ళాయి.

జనవరి వచ్చింది. చలి, తడినేల, ఐసు నీళ్ళు. పదిహేడు మంది కూర్చునే వ్యానులో ముప్ఫై మందిమి. కిటికీలు బిగించే ఉంటాయి. ఒకర్తి దగ్గితే వాసన ఇంకొకర్తి నోట్లోకి వచ్చేది. వారంలో సగం హాలు దగ్గడం మొదలుపెట్టింది. మాస్కులు అడిగాం. "కొనేవాళ్ళు చూడ్డానికి వచ్చే రోజున ఇస్తాంలే" అన్నాడు బుషైబ్. ఆ మాస్కులు చేప మీద మా తుంపర పడకుండా. మా మీద మా తుంపర పడితే వాళ్ళకేం.

ఒక మంగళవారం తామూ కత్తి నెమ్మదించింది. నేనొకటి కొడితే అదొకటి కొడుతోంది.

"ఏమైందే, ఇవాళ మర్యాద నేర్చుకున్నావా?" అన్నాను.

"పిన్నీ, నిన్నటి నుంచి ఒళ్ళు కాలిపోతోంది. ఎముకలన్నీ ఎవరో విరిచి మళ్ళీ అతికించినట్టుంది."

"ఆరోగ్య కేంద్రానికి పో. నజాత్‌ని కలువు."

"ఏమని కలవను? కడుపు లేదని ముద్రేశాగా. ఇప్పుడు ఏడో నెల అంటే ఫ్యాక్టరీకి ఫోన్ చెయ్యరూ?"

"చెయ్యరు."

"చెయ్యరని నీకెవరు చెప్పారు? నువ్వే కదా సీసాల కథ చెప్పింది."

ఇంకో పూట చూద్దాంలే అన్నాను. ఈ మాట నేనన్నదే. రాసుకోండి.

తామూ బుధవారం పనికొచ్చింది, గురువారం వచ్చింది, శుక్రవారమూ వచ్చింది. ఆ మూడు రోజులు పడవలు బరువుగా వచ్చాయి, హారన్ రోజుకి రెండుసార్లు మోగింది. పిలిచిన రోజు రాకపోతే తర్వాత పది రోజులు పిలవడు, అది బుషైబ్ పద్ధతి. తామూ బల్ల అంచు పట్టుకుని నిలబడేది. ఉన్ని పట్టీ వదులు చెయ్యవే, ఊపిరాడదు అంటే, వదులు చేస్తే కనబడుతుంది పిన్నీ అనేది.

ఇంట్లో హ్నియా తనకి తెలిసిందల్లా చేసింది. వాము వాసనొచ్చే జాతర్ ఆకు కషాయం కాచి పట్టింది, ఛాతీకి ఆలివ్ నూనె రుద్దింది, ఉల్లిపాయ కోసి మంచం కింద పెట్టింది. తామూకి ఆయాసం వస్తే, "బిడ్డ పైకి తన్నుతోందే, నాకూ మీలూద్ కడుపులో ఉన్నప్పుడు ఇలాగే. మెట్టు ఎక్కనిచ్చేవాడు కాదు" అంది. హ్నియాని నేను తప్పు పట్టను. మా ఊళ్ళో ఆడవాళ్ళందరం ఇదే అంటాం. కడుపుతో ఉన్నదానికి ఆయాసం రాకుండా ఎలా ఉంటుంది అంటాం. బిడ్డ తన్నే ఆయాసం వేరు, నీళ్ళలో మునిగేవాడి ఆయాసం వేరని మాకెవరూ చెప్పలేదు. చెప్పడానికని జీతం తీసుకునేవాళ్ళు మేస్త్రీ పక్కన బల్ల వేసుకుని కూర్చుంటే మేం ఎక్కడ వినాలి?

శనివారం పొద్దున నేను వెళ్ళేసరికి గోడకి ఆనుకుని కూర్చునుంది. పడుకుంటే ఊపిరి అందట్లేదు. పెదాలు నిలవ చేప మొప్పల బూడిద రంగుకి తిరిగాయి.

"హారన్ కొట్టారా పిన్నీ?" అంది.

"నోర్ముయ్."

టాక్సీలో ఎక్కించి ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాం. నజాత్ దాన్ని చూడగానే పరిగెత్తుకొచ్చింది. పైన వేసుకున్న పొడుగు జెల్లాబా తీసి, పట్టీ విప్పింది. పొట్ట బయటపడింది. నజాత్ పొట్ట మీద చెయ్యి వేసి చూసింది.

"ఎన్ని రోజులైంది జ్వరమొచ్చి?"

"సోమవారం నుంచి" అంది హ్నియా.

"సోమవారమా. మందు బిళ్ళలున్నాయమ్మా మా దగ్గర. మొదటి రెండు రోజుల్లో వేస్తే బాగా పట్టి ఆపుతాయి. ఇవాళ్టికి ఆరో రోజు." అంటూనే బిళ్ళ మింగించింది, ఆక్సిజన్ పెట్టింది, పెద్దాసుపత్రికి ఫోన్ చేసింది. అంబులెన్సు కోసం గంట కూర్చున్నాం. ఆ గంటలో తామూ ఒకే ఒక్క మాట అంది, అదీ నజాత్‌తో. "ఫ్యాక్టరీకి చెప్పకండి."

పెద్దాసుపత్రిలో రెండోరోజు బిడ్డని కోసి తీశారు. తల్లి ఊపిరి ఇద్దరికీ చాలట్లేదు, తీయకపోతే ఇద్దరూ పోతారన్నారు. ఆడపిల్ల. కిలోన్నర. గాజు పెట్టెలో పెట్టి ముక్కుకి సన్నటి గొట్టం తగిలించారు. తామూకి గొంతులోంచి పెద్ద గొట్టం దించారు. ఎనిమిది రోజులు యంత్రం దాని బదులు ఊపిరి పీల్చింది. తొమ్మిదో రోజు పోయింది. కూతుర్ని చూడలేదు. మీలూద్ పడవ దిగి వచ్చేసరికి సమాధి మీద మట్టి కూడా ఆరిపోయింది.

మూడోరోజున పరామర్శకి బుషైబ్ వచ్చాడు. మా ఊళ్ళో చావింటికి తెచ్చేట్టు నీలం కాగితం చుట్టిన చక్కెర దిమ్మలు రెండు పట్టుకుని, ఫ్యాక్టరీ తరఫున అని చెప్పుకుంటూ. ఆడవాళ్ళు కూర్చున్న గది గుమ్మంలో నిలబడి దేవుడు క్షమించుగాక అన్నాడు. ఆ తర్వాత జేబులోంచి కాగితం తీశాడు. దుఃఖం ఉన్న ఇంటికి కాగితం జేబులో పెట్టుకుని వచ్చాడు.

"మీలూద్ లేడా? సరే, నువ్వు చెప్పు మహ్జూబా, నీకు చదవడం వచ్చుగా. రేపు ఎవరో వచ్చి ఫ్యాక్టరీ మీద కేసు పెట్టమంటారు. ఇది చూడండి. గర్భం కాదు. దాని వేలిముద్ర. మేం సూది ఇప్పిస్తామన్నాం, అది అబద్ధం ఆడింది. మా తప్పేముంది?"

"ఎందుకు ఆడింది మేస్త్రీ?"

"నాకేం తెలుసు."

"పిలవరని ఆడింది."

"నేనెప్పుడైనా అన్నానా, పిలవనని? ఒక్క సాక్షి చూపించు."

"నువ్వు అనవు. నువ్వు పెన్ను ఆపుతావు."

"చూడు మహ్జూబా, చావు ఇంట్లో గొడవ బాగుండదు."

"బాగుండదని నీకిప్పుడు గుర్తొచ్చిందా? కాగితం తెచ్చినప్పుడు గుర్తు రాలేదా?"

"నీకూ ఒక కార్డుంది, మర్చిపోకు."

"ఉందిగా. ఇరవై రెండేళ్ళుగా ఉంది. తీసుకో, దాంతో నీ పళ్ళు కుట్టుకో."

హ్నియా లేచింది. తిడుతుందనుకున్నాను, చక్కెర దిమ్మలు అతని మొహాన కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. తీసుకుంది, సుత్తితో పగలగొట్టింది, ఆ చక్కెరతోనే టీ కాచి అతనికీ ఒక గ్లాసిచ్చింది. ఇంటికొచ్చినవాడు కదా. అతను గుమ్మంలో నిలబడే తాగాడు, ఖాళీ గ్లాసు తిరిగి ఇస్తుంటే అడిగింది. "నా మనవరాలు గాజు పెట్టెలో ఉంది నాయనా. దాన్ని ఏ గడిలో రాస్తావు?"

అతను వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి నాకూ పిలుపు లేదు. దానికి నేను ఏడవట్లేదు.

గురువారం ఊరి ఆడవాళ్ళ ఆవిరి స్నానాల హమ్మాంకి వెళ్ళాను. పడవలు మరీ బరువుగా రాకపోతే ఫ్యాక్టరీ ఆడవాళ్ళకి గురువారాలు సగం పూటే పని, మధ్యాహ్నం అందరం అప్పుడే వస్తాం. ఒంటికి పట్టిన చేప వాసన ఇంట్లో బిందెడు నీళ్ళకి పోదు. ఆవిరి గదిలో బకెట్ ముందేసుకుని కూర్చుని చూశాను. అక్కడ పట్టీ లేదు, ఏప్రాను లేదు, కార్డు లేదు. నాలుగో నెల కడుపు, ఆరోది, ఎనిమిదోది ఒకటి. ఆరు లెక్కబెట్టాను. ఆరుగురూ మా హాలువాళ్ళే. ఆరుగురూ నవంబరులో కాదని ముద్ర వేసినవాళ్ళే. ఇద్దరు దగ్గుతున్నారు.

ఎనిమిదో నెలది నా చూపు కనిపెట్టి బకెట్ అడ్డం పెట్టుకుంది. "ఏంటి పిన్నీ అలా చూస్తున్నావు, కవలలనుకుంటున్నావా?"

"సూది వేయిస్తే వేయించుకుంటావా?"

"ఎక్కడ? బుషైబ్ ఒళ్ళోనా?"

"ఇక్కడే అయితే?"

నవ్వడం ఆపింది. వీపు రుద్దించుకుంటున్నది తల తిప్పింది. నీళ్ళు పోసుకుంటున్న ఒకర్తి చెంబు కింద పెట్టింది. "ఇక్కడైతే ఎవరు చూస్తారు, వేయించుకుంటా" అంది ఎనిమిదో నెలది. మిగతా ఐదుగురూ అదే అన్నారు. అందులో ఒకర్తి, సూదికి బిడ్డ చెవిటిదవుతుందని మా ఆడపడుచు అంది నిజమా అని అడిగింది. నాకు తెలిసినంతలో కాదన్నాను, నజాత్‌నే అడుగుదువుగాని అన్నాను.

శుక్రవారం నజాత్ దగ్గరికి వెళ్ళాను. ఆ పదిహేనూ ఏమయ్యాయని అడిగాను. ఫ్రిజ్ తలుపు తీసి చూపించింది. వరసగా నిలబెట్టి ఉన్నాయి. అందులో ఒకటి తామూది. నెలాఖరుకి వెనక్కి పంపేస్తారట, గర్భిణులెవరూ రాలేదు కాబట్టి.

"హమ్మాంకి పట్టుకురా" అన్నాను.

"పిచ్చా నీకు? ఆవిరికి మందు పాడైపోతుంది."

"ఆవిరి గది లోపల. బట్టలు విప్పుకునే ముందు గది చల్లగా ఉంటుంది. డబ్బులు తీసుకునే రహ్మా అక్కడే కూర్చుంటుంది, దానికో బల్ల ఉంది. ఇస్తానంది, అడిగే వచ్చాను."

ఫ్రిజ్ తలుపు మూసింది. "ఐసు పెట్టెలో ఉంటే పాడవదనుకో. కానీ జాబితాలో ఎక్కించకుండా ఇవ్వలేను. పేరు, పని ఇచ్చే యజమాని, రెండూ రాయాలి."

"పేరు రాసుకో. యజమాని ఎందుకు? సూది యజమానికా?"

"ఆ గడి డాక్టరు గారు పెట్టించింది. తీయాలంటే ఆయనే తీయాలి. నేను సంతకం పెట్టలేను మహ్జూబక్కా. పెట్టే అధికారం ఉంటే ఇప్పుడే పెట్టేదాన్ని. తామూ పట్టీ విప్పింది నేను కాదా?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. నాకు జాలి వేయలేదు. కళ్ళు తుడుచుకోవడానికి తర్వాత టైముంటుంది.

డాక్టరు గదికి వెళ్ళాను. మీటింగులో ఉన్నారన్నారు. సోమవారం మళ్ళీ వెళ్ళాను. అర్జీ రాసి ఇమ్మన్నారు. ఇదిగో, రాశాను. మీరు దాన్ని బల్ల సొరుగులో వేస్తారని తెలుసు కాబట్టి ఇంకో నలభై కాపీలు తీయించాను. మార్కెట్ గోడకి, వ్యాను ఆగే చోట, మీ కేంద్రం తలుపు మీద అంటిస్తున్నాను. ఆరుగురి పేర్లు ఇందులో లేవు, వెతక్కండి.

డాక్టరు గారూ, యజమాని అన్న గడి కొట్టేయండి. ఇవాళే. మీ జాబితా ఏ మేస్త్రీ చేతికీ వెళ్ళకూడదు, మీ నర్సు బల్లకి అటువైపు ఏ మేస్త్రీ కూర్చోకూడదు. కడుపుతో ఉన్నది దగ్గుతూ వస్తే అర్జీ అడక్కండి, ఎక్కడ పనిచేస్తున్నావని అడక్కండి, మొదటి రోజే బిళ్ళ ఇవ్వండి. దొరా, జ్వరమొచ్చి ఇంట్లో ఉన్నదాన్ని లేచిన రోజున పిలవాలి, కనివచ్చినదాన్ని దాని చోటికే పిలవాలి. మాస్కులు రేపటి నుంచి మా మొహాలకి కావాలి. వ్యాను ఇంకొకటి పెట్టాలి. చలి ఇంకా రెండు నెలలుంది. తామూ కూతురు ఈ రాసే రోజుకి గాజు పెట్టెలో గొట్టంతోనే ఊపిరి పీలుస్తోంది. అలాంటివి ఇంకో ఆరు పెట్టెలు పెద్దాసుపత్రిలో లేవు, నేను వెళ్ళి చూశాను.

ఈ గురువారం మధ్యాహ్నం రెండు గంటలకి నజాత్‌ని ఆ పదిహేను సూదులతో హమ్మాం ముందు గదికి పంపండి. లోపలికి నలభై మంది ఆడవాళ్ళం వెళ్తాం, ఎవరి చేతికి సూది పడిందో బయట నిలబడి ఎవడూ చెప్పలేడు. పెట్టె రాకపోతే మూడింటికి హాలు మొత్తం మీ మెట్ల మీద కూర్చుంటుంది, ఆ రోజు రేవులో ఎన్ని పడవలున్నా సరే, చేప కుళ్ళినా సరే. సంతకం పెట్టి పంపండి.